బెల్లం నీళ్లు తాగిన తేనెటీగలు

తేనెటీగల ఉద్యోగం చేశానంటే ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "కుట్టవా?" కుడతాయి. ముప్పై ఏళ్లు కుట్టాయి. దాని గురించి ఇక్కడ ఇంకేమీ రాయను. కుట్టడం గురించే రాసేవాళ్లు తేనెటీగల దగ్గర ఎక్కువ రోజులు ఉన్నవాళ్లు కారని నా అభిప్రాయం.

అనకాపల్లి ఆఫీసు నుంచి మోటారు సైకిలు మీద చీడికాడ వైపు కొండవాలు జీడితోటల దాకా, ఇటు నక్కపల్లి వైపు హైవే దాటి కొబ్బరితోటల దాకా తిరగడం నా పని. రైతులకు తేనెటీగల పెట్టెలు ఇవ్వడం, ఎలా చూసుకోవాలో చెప్పడం, వెళ్లి చూడడం. రిటైరై రెండేళ్లయింది. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు శిక్షణలో అన్నీ నేర్పుతారు. నేర్పనిది ఒకటుంది. రైతు మన మాట వింటాడు, అందుకే మన తప్పు మనింట్లో ఆగదు. ఆ సంగతి నాకు తెలిసొచ్చిన ఒక మాఘమాసం గురించి రాస్తున్నాను.

చలిలో చావని పెట్టె

మన వైపు చలి పెద్ద లెక్కలోది కాదు. పెట్టెలు చలికి పోవు. పుష్యమాసంలో పూత తక్కువ. మాఘం వచ్చేసరికి మామిడి అక్కడక్కడా పూస్తుంది, జీడి ఇంకా మొగ్గలోనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఎండ కాస్త వేడెక్కి, రాణి ఈగ గుడ్లు పెట్టడం పెంచుతుంది. దాచుకున్న తేనె అడుగంటింది, పాత ఈగల రెక్కలు అరిగిపోయాయి, లోపల పిల్లలు పెరుగుతున్నాయి. ఇంట్లో పెళ్లి పెట్టుకుని బియ్యం లేకపోయినట్టు ఉంటుంది వాటి పని. చలిలో చావని పెట్టె ఎండ మొదలయ్యాక చస్తుందంటే కొత్తవాళ్లు నమ్మరు.

ఆ మూడు నాలుగు వారాలు మనం చేసేది కొంచెమే. అడుగు పలక మీద చెత్త ఊడ్చి పట్టులో మైనం తినేసే పురుగు లేకుండా చూడాలి. బలం లేని రెండు పెట్టెలుంటే కలిపేయాలి. చీకటి పడే వేళకు చిన్న గిన్నెలో పంచదార పానకం, సగానికి సగం నీళ్లతో కలిపి, ఈగలు మునిగిపోకుండా నాలుగు గడ్డిపరకలు వేసి పెట్టె లోపల పెట్టాలి. ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రం, అదే ఫ్రేము, ఎత్తి గుడ్లున్నాయా, పుప్పొడి వస్తోందా చూసుకోవాలి. అంతే. మిగతాది జీడిపూత చూసుకుంటుంది.

మా పెద్దసారు

మా పెద్దసారు గుంటూరు వైపు మనిషి. మాట కరుకు. జాయినైన కొత్తలో నేను ఉత్సాహంగా ఒక పెట్టె మూత తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఎందుకు తీస్తున్నావు?"

"చూద్దామని సార్."

"ఏం చూద్దామని?"

నేను మూత వదిలేశాను. "ప్రశ్న లేకుండా మూత తీయకు. నువ్వు తీసిన ప్రతిసారీ అవి మళ్లీ ఇల్లు సర్దుకోవాలి" అన్నాడు. ఈ ఒక్క మాటకు ఆయనకు నేను జీవితాంతం రుణపడి ఉన్నాను. ఉద్యోగంలో నాకు విసుగు పుట్టకపోవడానికి కారణం కూడా ఇదే. ఏదో ఒకటి తెలుసుకోవాలని ఉంటేనే మూత తీయాలి కాబట్టి, రోజూ ఏదో ఒకటి తెలుసుకోవాలని ఉండేది.

ఆయనే ఇంకో మాట చెప్పాడు: "ఈగలకు పంచదార తప్ప మరోటి పోయించకు. బెల్లం అసలే వద్దు." ఆ మాట మాత్రం నాకు ఎక్కలేదు. మా నాన్న అనకాపల్లి బెల్లం మార్కెట్టులో దిమ్మలు దించే పని చేసేవాడు. ఆయన చొక్కా వాసన, ఇంటి వాసన, నా చిన్నతనం వాసన అంతా బెల్లమే. పంచదార మంచిది కాదు, బెల్లమే ఆరోగ్యమని ఇప్పుడు ఫోనులో కూడా రోజూ ఒక డాక్టరు చెబుతూనే ఉంటాడు. ఎక్కడో గుంటూరు నుంచి వచ్చి అనకాపల్లి వాడికి బెల్లం గురించి చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్టు అనుకున్నాను. పైకి సరే సార్ అన్నాను. ఆయన బదిలీ మీద వెళ్లిపోయాక చాలా ఏళ్లు పంచదారే చెప్పాను, భయం వల్ల. ఇంకో ఐదారేళ్లలో రిటైరవుతాననగా ఆ భయం పోయింది. ఆ ఏడు రైతులందరికీ బెల్లం నీళ్లు పెట్టమన్నాను.

పైడితల్లమ్మ

చీడికాడ దాటాక కొండ కింద ఒక ఊళ్లో పైడితల్లమ్మ అనే ఆవిడ ఉంది. అప్పటికి నలభై దాటి ఉంటాయి. రెండెకరాల జీడితోట, కింద చెరకు. మా దగ్గర ఆరు పెట్టెలు తీసుకుంది. హస్తవాసి మంచిదని ఊళ్లో ఆవిడకు పేరు. ఎవరింట్లో బీరపాదు పెట్టాలన్నా, ఆనపపాదు పెట్టాలన్నా, మొదటి గింజ ఆవిడ చేత వేయించేవారు. పెట్టెలు కూడా ఆవిడ చేతిలో బాగా ఎదిగాయి. మా రైతుల్లో గుడ్లు చూడడం నేర్చుకున్నవాళ్లు ఇద్దరు ముగ్గురే, వాళ్లలో ఈవిడ ఒకర్తె.

మాఘమాసం సగంలో ఒకరోజు ఫోను చేసింది. "బాబూ, ఓ పాలి రండి. పెట్టెలు కాళీ అయిపోతన్నాయి."

వెళ్లాను. ఆరింటిలో ఒకటి అప్పటికే ఖాళీ. మిగతా ఐదింట్లో పిల్లలున్నాయి గాని వాటిని కప్పి వెచ్చగా ఉంచడానికి చాలినన్ని ఈగలు లేవు. పెట్టె ముందు పలక మీద గోధుమరంగు చారలు కనిపించాయి. అంటే ఈగలకు కడుపు పాడైంది. చచ్చిన ఈగలు మాత్రం పెట్టెలోనూ లేవు, ముందు నేల మీదా లేవు.

"పొద్దున్న బాగానే ఎల్తన్నాయి బాబూ. తిరిగి రావట్లేదు. నాను లెక్కెట్టలేను గాని గుమ్మం కాడ సందడి తెలుస్తాది కదా" అంది.

అది మంచి పరిశీలన. కడుపు జబ్బే అయితే పెట్టె దగ్గరే చావాలి. మామిడికి మందు కొట్టారా అని అడిగాను, ఆ ఊళ్లో ఇంకా ఎవరూ కొట్టలేదు. ఈగల్ని పట్టి తినే పచ్చపిట్టల కోసం తీగల మీద చూశాను, రెండే ఉన్నాయి. రెండు పిట్టలు ఐదు పెట్టెల్ని ఖాళీ చేయలేవు. మరి ఎక్కడికి పోతున్నాయి? నిజం చెప్పొద్దూ, ఆవిడ ముఖంలో దిగులు ఎదురుగా కనిపిస్తున్నా నాకు లోపల ఆ ప్రశ్న భలేగా ఉంది. ఈ ఉద్యోగంలో అదొక పాపిష్టి ఆనందం.

"మేత ఏం పెడుతున్నారమ్మా?"

"మీరు సెప్పినట్టే. రోజూ సాయంత్రం బెల్లం నీళ్లు. మా మరిది గానుగలో కొత్త బెల్లమే."

మంచిదన్నాను.

బియ్యప్పిండి, పసుపు

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆవిడను పలచటి గుడ్డలో బియ్యప్పిండి కట్టి తెమ్మన్నాను. పెట్టె గుమ్మంలోంచి బయటికి వచ్చే ఈగల మీద ఆ మూటను మెల్లగా తట్టాం. వీపు తెల్లబడ్డ ఈగ ఎక్కడ కనిపిస్తే అది పైడితల్లమ్మ ఈగ. ఇక వెతకడమే.

మామిళ్ల కింద అరగంట తల ఎత్తుకుని నిలబడ్డాను. మెడ నొప్పి వచ్చింది గాని తెల్ల ఈగ రాలేదు. నూతి దగ్గర మునగచెట్టు మీద మూడు నాలుగు కనిపించాయి. చెరకు గట్టు వెంట నడుచుకుంటూ ఆవిడ మరిది సన్నిబాబు బెల్లం గానుగ దగ్గరికి వచ్చాను. పెట్టెల నుంచి అరకిలోమీటరు కూడా ఉండదు. పొయ్యి మీద పెద్ద పెనంలో చెరకు రసం మరుగుతోంది. బెండకాడల జిగురు వేస్తే పైకి తేలే మురికి తెట్టును గరిటెతో తీసి పక్కన గోతిలో పోస్తున్నారు. ఆ గోతి అంచు నిండా ఈగలు. వాటిలో చాలావాటి వీపులు తెల్లగా ఉన్నాయి.

సన్నిబాబు గరిటె చూపించాడు. తెట్టుతో పాటు ఉడికిపోయిన ఈగలు గుప్పెడు ఉన్నాయి.

"ఈ తెల్లటియ్యి ఏటి సారూ, కొత్త జాతా?"

"కాదు. మీ వదిన పెట్టెల్లోవే."

"అనుకున్నాను. ఏటా నాలుగు ఈగలు వత్తాయి, పోతాయి. ఈ యేడు పెనం మీద వాన కురిసినట్టు పడతన్నాయి. బెల్లంలో ఈగలొత్తే కొనేవోడు మొకం మీద కొడతాడు సారూ. పనోళ్లని కుడతన్నాయి. ఆ పెట్లు ఎత్తించెయ్యండి."

అతనిలో దుర్మార్గం ఏమీ లేదు. అతని బాధ అతనిది. కాని "ఏటా నాలుగు, ఈ యేడు వాన" అన్న మాట నన్ను పట్టుకుంది. గానుగ పాతదే, పెట్టెలు పాతవే. ఈ ఏడు మారిందేమిటి?

గానుగకు అవతలి పక్క అంతే దూరంలో గట్టు మీద ఒక పాత పుట్టలో అడవి తేనెటీగలు ఉన్నాయని పైడితల్లమ్మే చెప్పింది. జాతి అదే. ఎవరూ పెంచలేదు, ఎవరూ మేపలేదు. మూడో రోజు పొద్దున వాటి మీద బియ్యప్పిండికి బదులు పసుపు చల్లాం. పసుపు ఈగలు మునగ మీద కనిపించాయి, మామిడి మీద కనిపించాయి. గానుగ దగ్గర గంటసేపు కూర్చుంటే ఒక్కటే వచ్చింది. పక్కనే తెల్లవి గుంపులు గుంపులుగా గోతిలోకి దిగుతున్నాయి.

రెంటికీ అదే ఆకలి, అదే దూరం. తేడా ఒక్కటే. వీటికి రోజూ సాయంత్రం ఇంట్లోనే ఆ గానుగ బెల్లం పెట్టాం. ఇంట్లో రుచి చూసిన వాసన బయట ఎక్కడ తగిలితే అక్కడికి పోవడం తేనెటీగ పద్ధతి. పూల సంగతిలో అదే వాటి తెలివి. ఆ తెలివికి నేను బెల్లం వాసన నేర్పించాను, మరుగుతున్న పెనం దారి చూపించాను. కడుపు చెడింది కూడా బెల్లం వల్లే, అందులోని మడ్డి వాటికి అరగదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

గోతి పక్కన కూర్చుని చాలాసేపు లేవలేదు. సిగ్గేసింది. ఇంత చక్కగా తెలిసిందే అన్న సంతోషం కూడా ఉంది, దాచడం ఎందుకు.

పది రోజులు

ఇప్పుడు రాయబోయేది నాకు ఇష్టం లేని భాగం.

పైడితల్లమ్మ దగ్గరికి వెళ్లి "అమ్మా, ఇక బెల్లం వద్దు, పంచదార పెట్టండి" అన్నాను. ఎందుకని అడిగింది. "ఈ ఏడు బెల్లం వాటికి పడలేదు" అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఆవిడ తన చేతులు చూసుకుని, "నా సెయ్యి మంచిది కాదేమో బాబూ ఈ యేడు" అంది.

అక్కడ నోరు తెరవాలి. తెరవలేదు. ఒప్పుకుంటే ఆ ఏడు బెల్లం నీళ్లు పెట్టమని చెప్పిన ప్రతి రైతుకూ ఫోను చేసి ఒప్పుకోవాలి. ఆఫీసు కాగితంలో పంచదార అని ఉంటే బెల్లం ఎందుకు చెప్పావని పైవాళ్లు అడుగుతారు. అందరి దగ్గరా "తేనెటీగల సారు" అనిపించుకున్నవాణ్ణి. మెల్లగా అందరిచేతా బెల్లం మాన్పిస్తే చాలు, కారణం ఎవరికి కావాలి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పిల్లలూ, మన ఉద్యోగంలో పెద్ద జబ్బు ఇదే. సలహా మార్చేస్తాం, తప్పు చెప్పం. సలహా మారితే పెట్టె బాగుపడుతుంది. మనిషి బాగుపడడు.

వారం పోయాక వెళ్తే ఇంకో రెండు పెట్టెలు పోయాయి. పైడితల్లమ్మ, ఈగలు శాంతించడానికి పొగ ఊదే పొగడబ్బా నా చేతికిచ్చి దూరంగా నిలబడింది.

"మీరే తియ్యండి బాబూ. నాను ముట్టుకోను."

"అదేమిటమ్మా?"

కారణం పక్కింటావిడ చెప్పింది. మొన్న బీరపాదు పెట్టడానికి పిలిస్తే, వద్దు, ఇంకెవరి చేతనైనా వేయించుకోండని పైడితల్లమ్మ రాలేదట. గానుగ దగ్గర సన్నిబాబు చిరాకులో నలుగురి ముందూ అన్న మాట కూడా చెప్పింది: "ఒదిన సెయ్యేగా మంచిదంటారు, సూడండి మరి." అతను ఆ సాయంత్రానికే మరిచిపోయి ఉంటాడు. ఆవిడ మరిచిపోలేదు.

ఆ రోజు నేను పొగడబ్బా పట్టుకుని మిగిలిన మూడు పెట్టెలూ తెరిచి చూసి, బండెక్కి వచ్చేశాను. దారిలో చీడికాడ దగ్గర టీ కొట్టులో ఆగి మా పెద్దసారుకు ఫోను చేశాను. ఆయన రిటైరై అప్పటికి చాలాకాలం. అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. "ఎలా తెలుసుకున్నావు?" అని అడిగాడు. బియ్యప్పిండి, పసుపు సంగతి చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"బాగా చూశావు. ఇక వాటికి పూత వాసన నేర్పు. పంచదార పానకంలో రెండు మామిడిపూత రెమ్మలు నానబెట్టి పెట్టు. జీడి విచ్చగానే జీడిపూలు వెయ్యి" అన్నాడు. ఆగి, "ఆవిడకు చెప్పావా?" అన్నాడు.

"ఇంకా లేదు సార్."

ఫోను పెట్టేశాడు.

గానుగ దగ్గర

మూడు రోజులకు వెళ్లేసరికి సన్నిబాబు ఆటో తెప్పించాడు. పెట్టెలు ఎత్తించి మా ఆఫీసుకు పంపేద్దామని. పైడితల్లమ్మ కాదనలేదట. గానుగ దగ్గర నలుగురు పనివాళ్లు, సన్నిబాబు, ఆటో మనిషి ఉన్నారు. ఆవిడ కొంచెం అవతల, చెంగు నడుముకు చుట్టుకుని నిలబడి ఉంది.

"సన్నిబాబూ, ఆగండి" అన్నాను. "తప్పు మీ వదినది కాదు, నాది."

అందరూ చూశారు. చెప్పాను. బెల్లం వద్దని నాకు ముందే చెప్పారని, వినకుండా పెట్టించానని, ఈగలకు మీ గానుగ వాసన నేనే నేర్పించానని, తెల్ల ఈగలు, పసుపు ఈగలు అన్నీ చెప్పాను. పెనం దగ్గర బెల్లం వండేవాడు గరిటె ఆపి విన్నాడు. రసం పొంగితే మళ్లీ తిప్పాడు.

సన్నిబాబు మెల్లగా అడిగాడు. "అంటే మా ఒదిన సెయ్యి వల్ల కాదన్నమాట."

"కాదు. ఆవిడ నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. అందుకే పోయాయి."

"మీకెప్పుడు తెలిసింది సారూ?"

"పది రోజులైంది."

అతను ఏదైనా అంటే బాగుండునని నాకనిపించింది. అతను మాత్రం వెనక్కి తిరిగి ఆటో మనిషితో, "నువ్వెళ్లిపోరా" అన్నాడు. పనివాళ్లలో ఒకణ్ణి పిలిచి తెట్టు గోతిలో మట్టి పోయించాడు. ఇక నుంచి తెట్టు పోసినప్పుడల్లా మట్టి కప్పమన్నాడు. నేను చెప్పాలనుకున్న జాగ్రత్త అదే. నేను చెప్పనక్కరలేకపోయింది.

పైడితల్లమ్మ అక్కడ లేదు. పెట్టెల వైపు నడుస్తోంది. బండిలోంచి పొగడబ్బా తీసుకుని వెనకాలే వెళ్లాను. నేను వెళ్లేసరికి మొదటి పెట్టె ముందు కూర్చుని ఉంది. తిడుతుందేమో అనుకున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. చెయ్యి చాపి పొగడబ్బా అడిగింది, ఇచ్చాను.

అలవాటు ఎక్కడికి పోతుంది. "ముందు మధ్య ఫ్రేము..." అని మొదలుపెట్టాను.

"బాబూ, ఈ పాలి మీరు సెప్పకండి" అంది. గొంతులో కోపం లేదు. "నాను సూసి సెప్తాను."

మూత తీసింది. మధ్య ఫ్రేము ఎత్తి, సూర్యుడికి వీపు పెట్టి, వెలుగు మైనపు గదుల అడుగు దాకా పడేలా వంచింది. గుడ్డు పెట్టిన రోజున బియ్యపు నూకలా నిలబడి ఉంటుంది. మర్నాటికి వాలుతుంది, మూడో రోజుకు పడుకుంటుంది. రాణిని వెతకనక్కరలేదు, నిలబడ్డ గుడ్డు కనబడితే రాణి ఆ రోజు అక్కడ ఉన్నట్టే. ఆవిడ చాలాసేపు చూసింది. నాకు రెండుసార్లు నోటిదాకా మాట వచ్చింది, మింగేశాను.

"గుడ్లున్నాయి" అంది. "నిలబడున్నాయి. ఇయ్యాల ఎట్టినయ్యే."

రెండో పెట్టె తీసింది. అందులోనూ ఉన్నాయంది. మూడోది తీసి మూడు ఫ్రేములూ చూసింది. మళ్లీ మొదటి నుంచి చూసింది.

"దీన్లో ఒక్క గుడ్డూ లేదు, రాణి లేదు. ఈటిని రెండోదాంట్లో కలిపెయ్యాల. ఇయ్యాల సాయంత్రమే, ఎండ పోయేక. మీరుంటారా?"

ఉంటానన్నాను. సంచిలోంచి నోటుబుక్కు తీసి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.